మా తాతయ్య ఇంటికంటే చిన్నది

నోవైలో ఏ పాట్‌లక్‌కి వెళ్ళినా పప్పుచారులోకి అప్పడాలు వచ్చేలోపు ఎవరో ఒకరు యూరప్ ట్రిప్ ఫొటోలు బయటికి తీస్తారు. ప్రాగ్, రోమ్, పారిస్... ఊరు ఏదైతేనేం, ఫొటోలు మాత్రం అవే. రాళ్ళు పరిచిన సందు, గడియారం ఉన్న గోపురం, గొడుగు ఎత్తి పట్టుకున్న గైడు, వెనకాల మనవాళ్ళు. ఫొటోలు అయిపోయాక ఒక మాట వస్తుంది. ఇన్నేళ్ళలో కనీసం పాతికసార్లు విని ఉంటాను.

"వాళ్ళు ఎంత బాగా కాపాడుకుంటారండీ! మనవాళ్ళకి ఆ జ్ఞానం ఎక్కడిది?"

అందరూ తలూపుతారు. నేనూ చాలాకాలం ఊపాను. ఈమధ్య మానేశాను. ఎందుకు మానేశానో చెప్తాను. కొంచెం ఘాటుగానే ఉంటుంది, ముందే చెప్తున్నా. ఘాటులో సగం నామీదే కాబట్టి మీరు మరీ నొచ్చుకోనక్కర్లేదు.

ఆ మధ్య క్లయింటు పనిమీద రెండు వారాలు పోలండ్ వెళ్ళాల్సొచ్చింది. వార్సాలో ఆఫీసు. మధ్యలో వచ్చిన శనివారం ఏం చెయ్యాలో తోచక, టీమ్‌లోనే ఉన్న గుంటూరాయన, నేనూ కలిసి పాతబస్తీ వాకింగ్ టూర్‌కి వెళ్ళాం. ముందుగా డబ్బులేం అడగరు, చివర్లో మనకి తోచినంత ఇవ్వాలి. అందుకే వెళ్ళాం, దాచుకోవడం ఎందుకు.

రాజుగారి కోట ముందున్న సిగిస్మండ్ స్తంభం దగ్గర కలుసుకోమన్నారు. ఓ ఇరవైమంది దాకా ఉంటాం. గైడు పాతికేళ్ళ అమ్మాయి. స్తంభం దగ్గర మొదలుపెట్టి, సందుల్లోంచి మార్కెట్ చౌక్‌కి తీసుకెళ్ళింది. చుట్టూ రంగురంగుల ఇళ్ళు, గోడలమీద బొమ్మలు, మధ్యలో కత్తి పట్టుకున్న మత్స్యకన్య విగ్రహం. మా గుంటూరాయన నా భుజం తట్టి ఆ మాట అననే అన్నాడు. "చూశావా తమ్ముడూ, వందల ఏళ్ళు ఎట్టా కాపాడుకున్నారో! మనోళ్ళయితే ఈపాటికి అపార్ట్‌మెంట్లు లేపేసేవాళ్ళు."

సరిగ్గా అప్పుడే గైడు అడిగింది, ఈ ఇళ్ళ వయసెంత ఉంటుందో చెప్పండని. ఒకరు 400 ఏళ్ళన్నారు. ఇంకొకరు 600. మావాడు మధ్యేమార్గంగా 500 అన్నాడు. ఆ అమ్మాయి నవ్వి చెప్పింది. ఈ చౌక్ జనానికి తెరిచింది 1953 జూలైలోనట!

1944లో తిరుగుబాటు జరిగాక జర్మన్ సైన్యం ఈ ఊరిని పద్ధతిగా, వీధి తర్వాత వీధి తగలబెట్టింది, పేల్చేసింది. మేం కలుసుకున్న స్తంభం 1644 నాటిది, అదీ 1944లో కూలింది. 1949లో కొత్త రాతితో మళ్ళీ నిలబెట్టారు. విరిగిన పాత ముక్కలు కోట పక్కనే నేలమీద పడుకోబెట్టి ఉన్నాయి. వాటిమీద పిల్లలు ఎక్కి ఆడుకుంటున్నారు. మేము వచ్చేటప్పుడు వాటి పక్కనుంచే వచ్చాం, చూసుకోలేదు.

నాకు అక్కడికక్కడే ఒక లెక్క తట్టింది. రాజమండ్రిలో మా తాతయ్య ఇల్లు 1936లో కట్టింది. గుమ్మం పైన గచ్చులో అంకెలు చెక్కి ఉండేవి. అంటే నేను నోరు తెరుచుకుని చూస్తున్న ఈ "వందల ఏళ్ళ" పాతబస్తీ మా ఇంటికంటే 17 ఏళ్ళు చిన్నది. ఆ ఇంటిని 2016లో పడగొట్టారు. పడగొట్టడానికి సంతకం పెట్టినవాళ్ళలో నేనొకణ్ణి.

ఇక అసలు విషయానికొస్తాను.

"వాళ్ళు కాపాడుకున్నారు" అనే మాటే తప్పు. వార్సా కాపాడుకోలేదు, పోగొట్టుకుంది. పోగొట్టుకున్నదాన్ని పనిగట్టుకుని తిరిగి కట్టుకుంది. 1945 ఫిబ్రవరిలో, యుద్ధం ఇంకా అవ్వకముందే, ఊరు తిరిగి కట్టడానికి ఒక ఆఫీసు పెట్టుకున్నారు. ఎలా కట్టారు? యుద్ధానికి ముందు వార్సా పాలిటెక్నిక్ ఆర్కిటెక్చర్ విద్యార్థులు పాత ఇళ్ళని టేపులతో కొలిచి గీసిన డ్రాయింగులున్నాయి. జర్మన్ల ఆక్రమణ కాలంలో ఆ కాగితాల్ని ప్రాణాలకి తెగించి దాచారు. చివరికి ఇంకో ఊళ్ళో ఒక మఠంలో దాచిపెట్టారు. 18వ శతాబ్దంలో బెలొట్టో అనే ఇటలీ చిత్రకారుడు ఈ ఊరి వీధుల్ని గీసిన బొమ్మలున్నాయి. అవి ముందు పెట్టుకున్నారు. శిథిలాల్లోంచి ఏరిన ఇటుకలు వాడారు. 1980లో యునెస్కో ఈ పాతబస్తీని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. పాతదని చేర్చలేదు. తిరిగి కట్టుకున్నందుకు చేర్చింది.

మా ఫీల్డు భాషలో చెప్పాలంటే, సర్వర్లు మొత్తం కాలిపోయినా ఎవరో ముందుచూపున్నవాడు డాక్యుమెంటేషన్ రాసి వేరే ఊళ్ళో బ్యాకప్ పెట్టాడు. అంతే. ఇందులో యూరప్ రక్తం లేదు, జ్ఞానం లేదు. పేపరు, పెన్సిలు, టేపు.

అసలు "వాళ్ళు" అందరూ మహానుభావులేం కాదు. ప్రాగ్‌లో మనవాళ్ళు ఫొటోలు దిగే పాత యూదుల పేట చూడండి. 19వ శతాబ్దం చివర్లో అక్కడి మునిసిపాలిటీయే శుభ్రత పేరు చెప్పి, కొన్ని ప్రార్థనామందిరాలూ పాత శ్మశానమూ లాంటివి తప్ప ఆ పేట మొత్తం కూలగొట్టి కొత్త మేడలు కట్టుకోమంది. పారిస్‌లో మనకి ముచ్చటగా కనపడే వెడల్పాటి రోడ్లు ఎన్నో వేల పాత ఇళ్ళ పొట్ట కోసి వేసినవి. అంత దూరం ఎందుకు, మన డెట్రాయిట్ సంగతి చూడండి. 1913లో కట్టిన మిషిగన్ సెంట్రల్ రైల్వే స్టేషన్లో చివరి రైలు 1988లో వెళ్ళింది. తర్వాత ముప్ఫై ఏళ్ళు ఖాళీగా పడి ఉంది. 2009లో సిటీ కౌన్సిల్ కూల్చెయ్యమని తీర్మానం చేసింది కూడా. ఎలాగో కూలలేదు. 2018లో ఫోర్డ్ కంపెనీ కొని బాగుచేస్తే 2024లో మళ్ళీ తెరిచారు. ఆ వారం మన వాట్సాప్ గ్రూపుల్లో ఆ ఫొటోలు తిరిగాయి, కింద అదే మాటతో: "అమెరికావాళ్ళు చూడండి, హెరిటేజ్ అంటే ఎంత గౌరవమో." ముప్ఫై ఏళ్ళు పావురాలకి వదిలేసింది కూడా ఆ అమెరికావాళ్ళే కదండీ!

కాబట్టి కాపాడటం అనేది ఒక జాతి గుణం కాదు. ఎక్కడైనా సరే కూల్చాలనేవాళ్ళూ ఉంటారు, వద్దనేవాళ్ళూ ఉంటారు. వద్దనేవాళ్ళు కాగితాలు పట్టుకుని తిరిగితే కొన్నిసార్లు నిలబడుతుంది, అంతే.

మన దగ్గర అలాంటివాళ్ళు లేరా? ఉన్నారు. హైదరాబాద్‌లో 1981 నుంచి పాత కట్టడాల రక్షణకి రెగ్యులేషన్ 13 అని ఒక నిబంధన ఉండేది. 2015లో ప్రభుత్వం దాన్ని తీసేసింది. 2017లో కొత్త చట్టం వచ్చింది. కొత్త అసెంబ్లీ కట్టడానికి ఇర్రమ్ మంజిల్‌ని పడగొడతామంటే మామూలు పౌరులు హైకోర్టుకి వెళ్ళారు. 2019 సెప్టెంబర్లో కోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. ఇర్రమ్ మంజిల్ నిలబడింది. చార్మినార్ చుట్టూ వారాంతాల్లో పొద్దున్నే కుర్రవాళ్ళు జనాన్ని వెంటబెట్టుకుని నడిపిస్తున్నారు. చార్ కమాన్ల మధ్య గుల్జార్ హౌజ్ ఎందుకుందో, పత్తర్‌గట్టీ రాతి వరండాలు ఎప్పుడొచ్చాయో, బాద్‌షాహీ ఆషుర్‌ఖానా గోడలమీద నాలుగొందల ఏళ్ళనాటి పింగాణీ పలకలు ఎలా మిగిలాయో చెప్తున్నారు. ప్రాగ్‌లో మూడు గంటలు నడిచిన మనవాళ్ళలో ఈ నడకకి వెళ్ళినవాళ్ళు ఎంతమంది? చేతులెత్తండి. నేనూ ఎత్తలేను. హైదరాబాద్‌లో నాలుగేళ్ళు ఇంజనీరింగ్ చదివాను. చార్మినార్‌కి వెళ్ళింది రెండుసార్లు, రెండూ బిర్యానీకే.

ఇప్పుడు "మనవాళ్ళు" అనే ముక్క సంగతి.

ఆ మాట అనేటప్పుడు మనం చాలా తెలివిగా ఒక పని చేస్తాం. "మనవాళ్ళు" అని అంటూనే మనల్ని అందులోంచి తీసేసుకుంటాం. మనవాళ్ళంటే ఇండియాలో ఉన్నవాళ్ళు, మునిసిపాలిటీవాళ్ళు, బిల్డర్లు, బాబాయిలు. మనం కాదు. మనం యూరప్ చూసి వచ్చినవాళ్ళం కదా!

మా ఇల్లు ఎలా పోయిందో చెప్తాను, ఎవరు మనవాళ్ళో మీరే తేల్చండి. మండువా లోగిలి. వీధి అరుగులు, మంగుళూరు పెంకులు, మధ్యలో వాన పడే మండువా, చుట్టూ టేకు స్తంభాలు, పెరట్లో నుయ్యి. తాతయ్యా నాయనమ్మా పోయాక బాబాయి ఒక్కడే అందులో ఉండేవాడు. ఏటా పెంకు నేయించాలి, ఒక దూలానికి చెద పట్టింది. ఆయన ఫోన్ చేసినప్పుడల్లా ఆ సంగతే చెప్పేవాడు. నేను "సరే బాబాయ్, చూద్దాం" అనేవాణ్ణి. నాన్న పోయాక మా వాటాకి నేనే సంతకందారుణ్ణి. బిల్డరు వచ్చాడు. డెవలప్‌మెంట్‌కి ఇస్తే సగం ఫ్లాట్లు మనవి అన్నాడు. బాబాయి నన్ను అడిగాడు, "ఏమంటావురా?" అని.

నేను నిలువుగా ఊపేశాను. జీపీఏ కాగితాలు ప్రింటు తీసి, నోటరీ చేయించి, షికాగో కాన్సులేట్‌కి పోస్టులో పంపించాను. మొత్తం నాకు పట్టిన సమయం ఒక లంచ్ బ్రేక్ ప్లస్ పోస్టాఫీసు. ఇల్లు కట్టడానికి ముత్తాతకి రెండేళ్ళు పట్టిందట. మా అత్తయ్య మాత్రం ఫోన్లో ఏడ్చింది. ఆవిడకి ప్రాక్టికాలిటీ లేదనుకున్నాను. ఆ టేకు స్తంభాలు పాత కలప కొనేవాళ్ళు లారీలో వేసుకుపోయారు. ఏ "పల్లెటూరి వాతావరణం" రెస్టారెంట్‌లోనో ఇప్పుడు వాటికి అరటిగెల కట్టి ఉంటారు. వచ్చే ట్రిప్పులో నేనే వెళ్ళి వాటి కింద కూర్చుని పెసరట్టు తింటానేమో, ఎంత బాగా కాపాడారండీ అనుకుంటూ.

అన్నీ తెలిసిన నేనే ఇలా చేశాను. నోవైలో నాకు తెలిసిన తెలుగు కుటుంబాల్లో సగానికి పైగా ఊళ్ళో ఇలాంటి సంతకం ఏదో ఒకటి పెట్టినవే. ఆ ఫ్లాట్ల అద్దెలు మనకే వస్తున్నాయి. మరి పాట్‌లక్‌లో తిట్టేది ఎవర్ని?

దీనికి మీరు చెప్పబోయే జవాబులు నాకు తెలుసు. నేనూ చెప్పుకున్నవే.

"ఉంటే ఎవరు చూస్తారు? డబ్బెవరు పెడతారు?" న్యాయమైన ప్రశ్నే. ప్రతి పాత ఇల్లూ నిలబెట్టాలని నేను అనడం లేదు. అది కుదరదు. బాబాయికి డెబ్భై ఏళ్ళ వయసులో లిఫ్టు ఉన్న ఇల్లు కావాలంటే అది ఆయన హక్కు. చెద పట్టిన దూలం కింద ఆయన్ని పడుకోబెట్టి, మిషిగన్‌లో హీటర్ పక్కన కూర్చుని వారసత్వం గురించి లెక్చరిచ్చే అర్హత నాకు లేదు. కానీ వార్సాలో ఆ పిల్లలు చేసింది ఇళ్ళని నిలబెట్టడం కాదు, కొలవడం. మా ఇంటిని కొలవడానికి ఏమయ్యేది? ఒక ఆదివారం, ఒక టేపు. అది నేను చెయ్యలేదు. దీనికి మాత్రం డబ్బు సాకు చెల్లదు.

"ఆ లోగిళ్ళు ఎవరివి? అందులోకి ఎవరిని రానిచ్చారు?" ఇది ఇంకా గట్టి ప్రశ్న. మా ఆఫీసులోనే ఒక తెలుగు స్నేహితుడు అడిగాడు. వాళ్ళ తాతగారు మా ఇంటిలాంటి ఇళ్ళకి పెరటి గుమ్మం దాకా వచ్చి అక్కడే ఆగిపోయిన మనిషి. "కూలితే కూలనీ, నాకేం బాధ లేదు" అన్నాడు. ఆయనకి సమాధానం చెప్పే ముందు చాలా రోజులు ఆలోచించాను. నాకు తోచింది ఇది. వార్సాలో పేవ్‌మెంటు మీద ఇనప పట్టీలు ఉంటాయి, యూదుల్ని బంధించిన ఘెట్టో గోడ ఎక్కడుండేదో చెప్తూ. గైడు పాతబస్తీ అందం ఎంత చెప్పిందో ఆ గోడ గురించీ అంతే చెప్పింది. మంచి నడక అంటే అది. రాజుగారి కోటా చూపించాలి, గోడా చూపించాలి. మా ఇంటి పెరటి గుమ్మం కూలిపోవడంతో ఆ స్నేహితుడి తాతగారికి జరిగిన అవమానానికి ఉన్న సాక్ష్యం కూడా పోయింది. ఇప్పుడు మా పిల్లలకి "మా ముత్తాతది పెద్ద లోగిలి" అని మాత్రమే చెప్పుకుంటాం. పెరటి గుమ్మం మాట ఎవరూ ఎత్తరు. ఇల్లు పోతే ఆ ఇంట్లోవాళ్ళకే ఎక్కువ సుఖం.

"మనం ఇక్కడ ఉండి ఏం చెయ్యగలం?" దీనికి జవాబు కూడా వార్సాలోనే దొరికింది. ఆ రాజుగారి కోట ఉంది చూశారూ, దాన్ని 1971 నుంచి 1984 దాకా కట్టారు, పోలండ్‌లో ఉన్నవాళ్ళూ, దేశం వదిలి వెళ్ళినవాళ్ళూ ఇచ్చిన విరాళాలతో. దేశం వదిలి వెళ్ళినవాళ్ళంటే ఎవరు? నోవై నుంచి అరగంట, ముప్పావు గంట డ్రైవ్‌లో హామ్‌ట్రామిక్ ఉంది. ఒకప్పుడు పూర్తిగా పోలిష్‌వాళ్ళ ఊరు. డాడ్జ్ ఫ్యాక్టరీలో చెమటోడ్చిన కుటుంబాలు. వీసా స్టాంపింగ్ కష్టాలు మనకే ఉన్నాయనుకుంటాం గానీ, తమ దేశానికి తిరిగి వెళ్ళే దారే మూసుకుపోయిన తరం అది. అలాంటి జనం ప్రపంచం నలుమూలల నుంచీ డబ్బు పంపించి, తాము ఎప్పుడూ ఉండబోని ఊళ్ళో, తమకి వాటా లేని ఇల్లు కట్టించారు. మనమేమో వాటా ఉన్న ఇల్లు పడగొట్టించి వాటా తెచ్చుకుంటున్నాం.

కోటలు కట్టమని అడగడం లేదు లెండి. మూడే మూడు అడుగుతున్నాను.

ఒకటి. ఈసారి ఊరెళ్ళినప్పుడు మీ ఊళ్ళో ఒక పూట నడవండి. మాల్‌కి కాదు, కారులో కాదు. మాది రాజమండ్రి కాబట్టి (2015లో రాజమహేంద్రవరం అయింది, నా నోరు మాత్రం తిరగదు) దాని సంగతే చెప్తాను. 1881 డిసెంబర్ 11న కందుకూరి వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం జరిపించిన ఊరది. ఆయన ఇల్లు ఇప్పటికీ ఉంది, ఆయన 1890లో కట్టించిన టౌన్ హాలు ఉంది. 27 ఏళ్ళకే 1925లో చనిపోయిన దామెర్ల రామారావు గారి బొమ్మలు ఆయన పేరు మీదున్న గ్యాలరీలో ఉన్నాయి. గౌతమీ గ్రంథాలయం ఉంది. రాళ్ళబండి సుబ్బారావు గారి పేరున మ్యూజియం ఉంది. 1900లో రైళ్ళు మొదలై 1997లో ఆగిపోయిన హేవలాక్ వంతెన గోదావరి మీద ఇంకా నిలబడి ఉంది. కోటగుమ్మం దగ్గర రోజ్ మిల్క్ తాగి బయల్దేరితే ఒక ఉదయానికి సరిపడా నడక. నాకు ఆ ఊళ్ళో పద్దెనిమిదేళ్ళు గడిచాయి. దామెర్ల గ్యాలరీలో మొదటిసారి అడుగుపెట్టింది వార్సా నుంచి వచ్చాక. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి, ఎలాగూ వెళ్తారు. స్నానం అయ్యాక రెండు గంటలు నడవండి. మీకు గైడు లేకపోతే మీ పిల్లలకి మీరే గైడు.

రెండు. మీ ఇంటికి బిల్డరు వచ్చాడా? సంతకం పెట్టండి, పెట్టొద్దు, మీ ఇష్టం. పెట్టే ముందు ఒక ఆర్కిటెక్చర్ విద్యార్థిని పట్టుకుని ఇల్లు కొలిపించండి. ప్రతి గదీ, ప్రతి గుమ్మం, పెరటి గుమ్మంతో సహా. పెద్దవాళ్ళని కూర్చోబెట్టి ఏ గదిలో ఎవరు పుట్టారో, ఎవరు పోయారో, ఎవరిని ఎక్కడి దాకా రానిచ్చారో రికార్డు చెయ్యండి. ప్రాగ్‌లో ఒక రాత్రి హోటలు ఖర్చు కూడా అవ్వదు.

మూడు. పాట్‌లక్‌లో ఆ మాట మానెయ్యండి. దయచేసి.

వార్సా నుంచి వచ్చాక నేనొక పని మొదలుపెట్టాను, ఆలస్యంగా. మా ఇంటి ప్లాను గీద్దామని. ముందు ఫొటోలు వెతికాను. పెళ్ళిళ్ళు, బారసాలలు, సంక్రాంతులు, వందకి పైనే ఉన్నాయి. ఒక్కదాంట్లోనూ ఇల్లు లేదు. అన్నింట్లోనూ మేమే ఉన్నాం. అక్క పెళ్ళి ఫొటోలో ఒక స్తంభం సగం కనపడుతుంది, ఫొటోగ్రాఫరు దానికి జరీ గుడ్డ చుట్టించాడు. గుమ్మం పైన 1936 అన్న అంకెల్లో నాన్న తల వెనకనుంచి 36 మాత్రం కనపడుతుంది.

తర్వాత ఫోన్లు చేశాను. మండువా చుట్టూ స్తంభాలు ఎన్ని? అమ్మ ఎనిమిదంది. బాబాయి ఆరేనన్నాడు, అరవై ఏళ్ళు ఆ ఇంట్లో బతికిన మనిషి. అత్తయ్య, ఆ ప్రాక్టికాలిటీ లేని అత్తయ్య, కాసేపు మాట్లాడలేదు. తర్వాత చిన్నప్పుడు స్తంభాలాట ఆడినప్పుడు ఎవరెవరు ఏ స్తంభం పట్టుకునేవారో పేర్లతో లెక్కపెట్టి చెప్పింది. పది అంది.

ఆరా, ఎనిమిదా, పదా? వెళ్ళి చూసి చెప్పడానికి అక్కడ ఇప్పుడు స్టిల్ట్ పార్కింగ్ ఉంది. నా వాటా కింద రెండు ఫ్లాట్లు వచ్చాయి. వాటి ప్లాను మాత్రం పీడీఎఫ్‌లో, అంగుళాలతో సహా నా దగ్గర భద్రంగా ఉంది.